ధర పడిపోయేలోగా బ్లాకు మారాలి: పైడిభీమవరం బల్క్ డ్రగ్ ప్లాంట్ల లెక్క

పేటెంటు గడువు తీరిన మందుకు అమెరికాలో ఒక్క జెనెరిక్ కంపెనీ పోటీకి వస్తే ధర బ్రాండు ధరకంటే 39 శాతం తగ్గుతుంది. ఇద్దరొస్తే 54 శాతం, నలుగురొస్తే 79 శాతం, ఆరుగురు లేదా అంతకుమించి వస్తే 95 శాతం పైనే. తయారీ కంపెనీ గేటు దగ్గరి ధరల ఆధారంగా అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2019లో ప్రకటించిన విశ్లేషణలోని అంకెలివి. శ్రీకాకుళం వైపు జాతీయ రహదారి మీద పూసపాటిరేగ దాటాక పైడిభీమవరంలో వరసగా కనిపించే బల్క్ డ్రగ్ ఫ్యాక్టరీల లోపల ఎందుకంత హడావుడో అర్థం కావాలంటే ఈ అంకెల దగ్గరే మొదలుపెట్టాలి.

ఇక్కడ ప్రధానంగా తయారయ్యేది మాత్రలు కావు. మాత్రలో పనిచేసే అసలు మందు, అంటే ఏపీఐ. ఎక్కువగా తెల్లటి పొడి రూపంలో, రెండు పొరల పాలిథిన్ సంచుల్లో, సీలు వేసిన డ్రమ్ముల్లో బయటికెళ్తుంది. మాత్ర ధర పడితే మాత్రల కంపెనీ ముందుగా బేరమాడేది ఈ డ్రమ్ము ధర గురించే. కిలోకు ఇంత తగ్గించకపోతే రెండో సరఫరాదారు సిద్ధంగా ఉన్నాడన్న మాట ఈ వ్యాపారంలో ఎప్పుడూ వినపడుతూనే ఉంటుంది.

పేటెంటు దరఖాస్తు నాటి నుంచి 20 ఏళ్లు నడుస్తుంది. అయితే అనుమతుల కోసం కావలసిన మందును ఆ గడువులోనే తయారు చేసుకోవడానికి మన పేటెంటు చట్టంలోని 107ఏ సెక్షను వీలిస్తుంది. అందుకే పని ఏళ్ల ముందే మొదలవుతుంది. ల్యాబులో రూటు, అంటే ఏ రసాయనంతో మొదలుపెట్టి ఏయే మెట్లలో మందు చేయాలన్నది, ఖాయం చేయాలి. పైలట్ ప్లాంటులో సరిచూడాలి. పెద్ద రియాక్టర్లలో, అంటే రసాయన చర్య జరిపే పాత్రల్లో, ప్రతిసారీ ఒకే నాణ్యత వస్తుందని రుజువు చేసే మూడు వ్యాలిడేషన్ బ్యాచిలు తీయాలి. వాటి శాంపిళ్లను 40 డిగ్రీల వేడి, 75 శాతం తేమలో ఆరు నెలలు ఉంచి పరీక్షించాలి. ఆ సమాచారంతో, తయారీ వివరాలన్నీ నియంత్రణ సంస్థకు ఇచ్చే డ్రగ్ మాస్టర్ ఫైలు దాఖలు చేయాలి. అమెరికాలో 1984 నాటి చట్టం ప్రకారం, పేటెంటును సవాలు చేస్తూ అందరికంటే ముందు దరఖాస్తు పెట్టిన జెనెరిక్ కంపెనీకి 180 రోజులు ఇతర జెనెరిక్‌ల పోటీ లేని అవకాశం దక్కవచ్చు. ఆ కంపెనీకి ఏపీఐ ఇచ్చేవారికి మంచి ధర దొరికేదీ అప్పుడే. ఆ తర్వాత పోటీదారులు ఒక్కొక్కరుగా దిగుతుంటే ధర మెట్లు దిగుతూ పోతుంది. ఏళ్ల తరబడి పెట్టిన ఖర్చంతా కొద్ది నెలల్లో రాబట్టుకోవాలి.

ధర పడటమే కాదు, మందే మార్కెట్లోంచి మాయమవడమూ ఉంది. అసిడిటీకి దశాబ్దాలుగా వాడిన రానిటిడిన్‌లో క్యాన్సర్ కారకంగా అనుమానించే ఎన్‌డీఎంఏ 2019లో బయటపడింది. 2020 ఏప్రిల్‌లో దాన్ని పూర్తిగా వెనక్కి తీసుకోవాలని ఎఫ్‌డీఏ కంపెనీలను కోరింది. హెచ్‌ఐవీ చికిత్సలో డోలుటెగ్రావిర్‌ను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో మొదటి ఎంపికగా సిఫారసు చేశాక, అంతవరకు టన్నుల్లో పోయిన ఎఫావిరెంజ్ గిరాకీ వెనకబడింది. కొవిడ్ రోజుల ఫావిపిరావిర్ ఆయుష్షు మరీ చిన్నది. 2020 జూన్‌లో మన దేశంలో అనుమతి వచ్చింది, 2021 వేసవిలో రెండో వేవ్‌లో జనం షాపుల ముందు బారులు తీరారు, ఆ వేవ్ తగ్గగానే అడిగేవారు లేకపోయారు. అప్పటికే ముడిసరుకుకు ఆర్డరిచ్చినవారి దగ్గర అది గోడౌన్లలోనే మిగిలింది.

పోటీ ఎక్కువగా చైనా నుంచే. మన దేశం దిగుమతి చేసుకునే బల్క్ డ్రగ్‌లు, ఇంటర్మీడియట్లలో (మందు తయారీలో మధ్య దశ రసాయనాల్లో) సుమారు మూడింట రెండు వంతులు అక్కడివే. కూలి తక్కువ కాబట్టి చైనా సరుకు చవక అనుకోవడం పొరపాటు. బేసిక్ కెమికల్ నుంచి ఇంటర్మీడియట్ దాకా గొలుసంతా అక్కడే ఉంది, ఒక్కో ప్లాంటు సామర్థ్యం మన ప్లాంటుకు ఎన్నో రెట్లుంటుంది. పెన్సిలిన్-జి ఇందుకు చేదు ఉదాహరణ. ఒకప్పుడు మనమే తయారు చేసుకునేవాళ్లం. చైనా ధర ముందు నిలవలేక ఆ ప్లాంట్లు మూతపడ్డాయి. 2020లో కేంద్రం 6,940 కోట్ల రూపాయల ప్రోత్సాహక పథకం తెచ్చాక, 2024లో కాకినాడ దగ్గర మళ్లీ ఆ ఉత్పత్తి మొదలైంది. అనకాపల్లి జిల్లా నక్కపల్లిలో బల్క్ డ్రగ్ పార్కుకు 2025 జనవరిలో శంకుస్థాపన జరిగింది. ఇవన్నీ అవసరమే. కానీ ఏడాదికి పది పదిహేను రకాల మందులు మార్చి మార్చి చేసే ప్లాంటు బతుకు వీటి మీద ఆధారపడి లేదు. అక్కడ గెలుపోటములు బ్లాకు లోపలే తేలతాయి.

బ్లాకు మార్చడం

మల్టీపర్పస్ బ్లాకు అంటే 3 వేల నుంచి 8 వేల లీటర్ల రియాక్టర్లు పదీ పన్నెండు. యాసిడ్ పనికి లోపల గాజు పూత ఉన్న గ్లాస్ లైన్డ్, మిగతా వాటికి స్టెయిన్‌లెస్ స్టీలు రకం ఎస్‌ఎస్ 316. వాటికి తోడు సెంట్రిఫ్యూజ్‌లు, డ్రయ్యర్లు, చివరి పొడిని ఆరబెట్టి, మిల్లు పట్టి, ప్యాక్ చేయడానికి క్లీన్ రూము. ఈ నెల ఒక మందు, వచ్చే నెల మరొకటి. పెన్సిలిన్, సెఫలోస్పోరిన్ రకాలు మాత్రం ఇందులో కుదరవు. అలర్జీ తెచ్చే ప్రమాదం ఉంది కాబట్టి వాటికి వేరే బ్లాకు, వేరే గాలి ఏర్పాటు తప్పనిసరి.

ఒక మందు ఆపి మరో మందు ఎక్కించే మధ్యకాలాన్ని ప్లాంటులో చేంజోవర్ అంటారు. ఒక బ్లాకులో ఏడాదికి పన్నెండు చేంజోవర్లు, ఒక్కోదానికి 8 రోజులు అనుకుంటే 96 రోజులు పోతాయి. అదే 5 రోజుల్లో ముగిస్తే 60. రోజుకో బ్యాచి వచ్చే బ్లాకయితే, కొత్త రియాక్టర్ ఒక్కటి కూడా కొనకుండా 36 బ్యాచిలు మిగిలినట్టు. ధర కిందికి జారుతున్న మార్కెట్లో ఇంతకంటే చవకగా దొరికే సామర్థ్యం లేదు.

మరి 8 రోజులు ఎక్కడ పోతున్నాయి? కడగడానికి పట్టేది రెండు మూడు రోజులే. మిగతాదంతా ఎదురుచూపు: శాంపిల్ తీసేవాళ్ల కోసం, శాంపిల్‌లో మందు ఎంతుందో కొలిచే హెచ్‌పీఎల్‌సీ యంత్రం ఖాళీ అయ్యేదాకా, రిపోర్టు కోసం, నాణ్యత చూసే క్యూఏ విభాగం సంతకం కోసం. అన్నిటికంటే ఎక్కువ సమయం తినేది స్వాబ్ (కడిగాక పాత మందు మిగిలిందేమో తుడిచి చూసే పరీక్ష) ఫెయిలై మళ్లీ మొదటి నుంచి కడగడం.

స్వాబ్ పరిమితి ఎలా వస్తుందో ఒక లెక్క చూడాలి. ముందు చేసిన మందు కనీస మోతాదు 20 మిల్లీగ్రాములు అనుకుందాం. అందులో వెయ్యో వంతు, అంటే 0.02 మిల్లీగ్రాము, తర్వాతి మందు రోజు మోతాదులో కలిసినా హాని ఉండదన్నది పాత లెక్క. తర్వాతి మందు గరిష్ఠ రోజు మోతాదు 1,000 మిల్లీగ్రాములైతే అది 20 పీపీఎం (పది లక్షల్లో 20 వంతులు) అవుతుంది. 10 పీపీఎం అన్న మామూలు హద్దు ఇంకా కఠినం కాబట్టి దాన్నే తీసుకుంటారు. ఇప్పుడు మందు విషప్రభావాన్ని బట్టి కట్టే ఆరోగ్య ఆధారిత పరిమితినీ చూడాలి, రెంటిలో తక్కువది పాటించాలి. తర్వాతి బ్యాచి 100 కిలోలైతే 10 పీపీఎం అంటే మొత్తం ఒక్క గ్రాము. ఆ గ్రాము బ్లాకులో మందు తగిలే ఉపరితలం అంతటికీ కలిపి. ఉపరితలం 50 చదరపు మీటర్లయితే చదరపు సెంటీమీటరుకు 2 మైక్రోగ్రాములు. 10 సెంటీమీటర్ల చదరం తుడిచిన స్వాబ్‌లో 200 మైక్రోగ్రాములు మించకూడదు. స్వాబ్ అంటుకున్నదంతా ఎత్తలేదు కాబట్టి, రికవరీ 80 శాతమైతే రిపోర్టులో 160 దగ్గరే ఆగాలి.

రియాక్టర్ నడుమ గోడ ఎప్పుడూ పాసవుతుంది. ఫెయిలయ్యే చోట్లు వేరు: బాటమ్ వాల్వ్ సీటు, మ్యాన్‌హోల్ గ్యాస్కెట్ వెనక సందు, డిప్ పైపు లోపలి భాగం, కండెన్సర్‌కు పోయే వేపర్ లైను వంపు, డ్రయ్యర్ వాక్యూమ్ లైనులో చిక్కుకున్న పొడి, ఎప్పుడూ ఎవరి కంటా పడని ఛార్జింగ్ గొట్టం. పైనుంచి నీళ్లు పోసి తిప్పితే వేపర్ లైనుకు తడి కూడా తగలదు. సాల్వెంటును (మందును కరిగించే ద్రవాన్ని) మరిగించి, ఆవిరి కండెన్సర్ దాకా వెళ్లి తిరిగొచ్చేలా రెండు మూడు గంటలు రిఫ్లక్స్ పెట్టాలి. తర్వాతే సబ్బునీళ్లు, మంచినీళ్లు, ప్యూరిఫైడ్ వాటర్. సబ్బునీళ్లకు కరగని మందుకు ముందు ఏ సాల్వెంటు వాడాలో కరిగే గుణం చూసి ఖాయం చేయాలి. అలవాటు కొద్దీ అన్నిటికీ మిథనాల్ పోస్తే సాల్వెంటూ పోతుంది, రోజూ పోతుంది. సెంట్రిఫ్యూజ్ బ్యాగు కడిగి మరో మందుకు వాడటం ఏ పరిస్థితిలోనూ తగదు. నేతలో దూరిన పొడి పూర్తిగా బయటికి రాదు.

ఇంకో సంగతి. ఆఖరి బ్యాచి దిగిన వెంటనే కడగడం మొదలుపెట్టాలి. పండగ సెలవులకు, లేదా మనుషులు లేరని, మురికి రియాక్టర్‌ను నాలుగు రోజులు వదిలేస్తే అడుగున గట్టిపడిన పెచ్చు తర్వాత ఎంత మరిగించినా కదలదు. ఎంతసేపు వదిలినా శుభ్రమవుతుందో ముందే పరీక్షించి, ఆ గంటలు రికార్డులో రాసిపెట్టుకోవాలి. సంక్రాంతికి ఊళ్లు ఖాళీ అయ్యే వారంలో చేంజోవర్ పెట్టుకోకపోవడం మేలు.

రోజులు తగ్గించిన ప్లాంట్లు గొప్ప యంత్రాలేమీ కొనలేదు. గ్యాస్కెట్లు, గొట్టాలు, వాల్వులు రెండో సెట్ కడిగి సంచిలో కట్టి ముందే సిద్ధంగా పెట్టుకున్నాయి. స్వాబ్ పరీక్షకు కావలసిన పద్ధతిని క్యాంపెయిన్ (ఒకే మందును వరసగా తీసే విడత) మొదలవకముందే వ్యాలిడేట్ చేసుకున్నాయి. ఏ మందు తర్వాత ఏది అన్న వరసను సేల్స్ విభాగానికి వదిలేయకుండా, ఒకే సాల్వెంటు వాడేవి, సులువుగా కరిగేవి పక్కపక్కన వేసుకున్నాయి. రంగున్నవి, దేనికీ కరగనివి వార్షిక షట్‌డౌన్‌కు ముందు పెట్టుకున్నాయి.

హడావుడిలో మనుషుల ప్రాణం మరవకూడదు. శుభ్రం సరిగా అయిందో లేదో చూడటానికి రియాక్టర్లోకి మనిషి దిగితే, ముందే నైట్రోజన్ లైనును విడదీసి బ్లైండ్ (పైపును పూర్తిగా మూసే పలక) వేయాలి. ఆక్సిజన్ 19.5 శాతానికి తగ్గలేదని మీటరుతో చూడాలి. బయట ఒక మనిషి కదలకుండా కనిపెట్టుకుని ఉండాలి. వాల్వు కట్టేస్తే చాలదు, వాల్వు లీకవుతుంది.

సైజు పెరిగితే ఏమవుతుంది

ల్యాబులో లీటరు ఫ్లాస్కులో చేసిన రియాక్షన్‌ను 5,000 లీటర్ల రియాక్టర్లోకి ఎక్కిస్తే ఘనపరిమాణం అయిదువేల రెట్లు పెరుగుతుంది. లీటరుకు దొరికే చల్లబరిచే గోడ మాత్రం దాదాపు 17 వంతుల్లో ఒక వంతుకు పడిపోతుంది. ఫ్లాస్కులో 20 నిమిషాల్లో పోసిన కారకాన్ని ఇక్కడ నాలుగైదు గంటలు చుక్కచుక్కగా వదలాలి. అన్ని గంటలు వేడిలో ఉన్న మిశ్రమంలో, ల్యాబులో కనిపించని ఇంప్యూరిటీ (అక్కర్లేని మలినం) పుడుతుంది. ఏపీఐలో గుర్తించాల్సిన ఇంప్యూరిటీ హద్దు మామూలుగా 0.10 శాతం. అది దాటితే బ్యాచి రీవర్క్, అంటే మళ్లీ శుద్ధి చేయాలి, తేదీ దాటుతుంది, కస్టమర్ రెండో సోర్సుకు వెళ్తాడు. దీనికి విరుగుడు ల్యాబులోనే ఉంది. ఆ నాలుగైదు గంటల పోతను ఫ్లాస్కులోనే కావాలని చేసి చూడాలి. ఫిల్టర్ చేయడానికి, ఆరబెట్టడానికి పట్టే పెద్ద ప్లాంటు సమయాలను కూడా అలాగే అనుకరించాలి. ఒక వారం పట్టే ఈ పని వదిలేసి నేరుగా ప్లాంటుకు దిగినవారు ఆ వారాన్ని మూడు నెలలుగా చెల్లించుకుంటారు.

ఈల్డు, అంటే రావలసినదాంట్లో చేతికొచ్చే వంతు, లెక్క ఇంకా సూటిగా ఉంటుంది. అయిదు స్టేజీల మందులో ఒక్కో స్టేజీలో 90 శాతం వస్తే చివరికి చేతికందేది 59 శాతం. ఒక్కోదాన్ని 93కు తెస్తే 69 శాతం పైనే. అదే మందుకు చైనా నుంచి తెచ్చే ముడిసరుకు అవసరం 15 శాతం తగ్గినట్టు. దిగుమతి సుంకం గురించి ఢిల్లీ చుట్టూ తిరగడంకంటే ఈ మూడు శాతం మీద కూర్చోవడం మంచిది. సాల్వెంటూ అంతే. వాడినదాన్ని తిరిగి రాబట్టే రికవరీ 80 నుంచి 95 శాతానికి పెరిగితే కొత్తగా కొనాల్సింది 20 నుంచి 5కు, అంటే నాలుగో వంతుకు తగ్గుతుంది. ఏ స్టేజీ సాల్వెంటును ఆ స్టేజీకే తిరిగి వాడాలి. అన్నిటి టోలుయిన్ ఒకే ట్యాంకులో కలిపేస్తే ఒక మందు మడ్డి మరో మందులో తేలుతుంది.

చవక రూటు ఖరీదు

ఖర్చు తగ్గించే దారుల్లో అన్నిటికంటే ఊరించేది రూటు మార్చడం. అన్నిటికంటే ప్రమాదకరమూ అదే. రక్తపోటుకు వాడే వల్సార్టాన్ సంగతి 2018 జూలైలో ప్రపంచమంతా చూసింది. చైనాలోని ఒక పెద్ద తయారీదారు, ఆ మందు అణువులోని టెట్రజోల్ వలయం కట్టే స్టేజీలో ఈల్డు పెంచడానికి పద్ధతి మార్చింది. సాల్వెంటుగా డైమిథైల్ ఫార్మమైడ్ వాడారు, అక్కడ వాడగా మిగిలిన అజైడు రసాయనాన్ని చంపడానికి సోడియం నైట్రైట్ వేశారు. ఆ సాల్వెంటు కొద్దిగా విడిపోతే డైమిథైల్ అమీన్ వస్తుంది. నైట్రైటు, అమీను ఆమ్లంలో కలిస్తే ఎన్‌డీఎంఏ తయారవుతుంది. మామూలు పరీక్షలో అది కనపడదు. ఎందుకంటే దాని కోసం ఎవరూ వెతకలేదు. దానికి ఒప్పుకునే హద్దు రోజుకు 96 నానోగ్రాములు. 320 మిల్లీగ్రాముల వల్సార్టాన్ మోతాదులో అది 0.3 పీపీఎం మాత్రమే. దేశదేశాల్లో మాత్రలు వెనక్కి తీసుకున్నారు.

అందుకే కొత్త రూటు ఖాయం చేసేముందు, ఏ స్టేజీలో ఏది దేనితో కలిసే వీలుందో, అక్కర్లేని రియాక్షన్లతో సహా, కాగితం మీద గీసుకోవాలి. నైట్రైటు ఎక్కడుంది, సెకండరీ అమీను ఎక్కడి నుంచి రావచ్చు, రికవరీ సాల్వెంటులో ఏముందన్నవి ఇప్పుడు తప్పనిసరి ప్రశ్నలు. ఆర్ అండ్ డీకి ఇందుకు రెండు వారాలు ఇవ్వడానికి వెనకాడే యాజమాన్యం, ఆ రెండు వారాల్లో ఏం మిగులుతుందని అనుకుంటుందో అర్థం కాదు.

ముడిసరుకు ఇచ్చేవారిని మార్చినా ఇదే జాగ్రత్త. శాంపిల్‌తో ల్యాబు ట్రయల్, ప్లాంటులో బ్యాచిలు, వాటి స్టెబిలిటీ (నిల్వలో చెడకుండా ఉంటుందా అన్న పరీక్ష), ఆపై మాస్టర్ ఫైలులో సవరణ, ప్రతి కస్టమర్‌కూ సమాచారం. నెలలు పట్టే పని. సరఫరా ఆగిపోయాక రెండో సోర్సు వెతకడం మొదలుపెడితే సీజను అయిపోతుంది. 2020 తొలి నెలల్లో చైనా రేవులు కదలనప్పుడు ఈ పాఠం అందరికీ వంటబట్టింది.

కొత్త మందు ఎక్కించే ముందు కాలుష్య నియంత్రణ మండలి అనుమతి పత్రం తీసి చూసుకోవాలి. అందులో మందుల పేర్లు, రోజుకు ఎన్ని కిలోలు అన్నవి రాసి ఉంటాయి. పేరు లేని మందు ఎక్కించడం కుదరదు. మందు మారితే వ్యర్థ జలమూ మారుతుంది. ఉప్పు ఎక్కువున్న నీటిని స్ట్రిప్పర్, ఎవాపరేటర్ల మీదుగా పంపాలి. ఆ ఎవాపరేటర్ రోజుకు ఎన్ని వేల లీటర్లు తాగగలదో, అంతకుమించి బ్లాకు ఎంత వేగంగా తిరిగినా లాభం లేదు. ట్యాంకులు నిండాక ఉత్పత్తి ఆపాల్సిందే. ఆ నీళ్లు చుట్టుపక్కల ఊళ్ల బావుల వైపు, వాగుల వైపు పోకుండా చూడటం ఖర్చు లెక్కల్లో బేరానికి పెట్టే విషయం కాదు.

మనుషుల దగ్గర మాత్రం ఇక్కడి ప్లాంట్లు ఇంకా తప్పటడుగు వేస్తున్నాయి. రణస్థలం, లావేరు, ఎచ్చెర్ల చుట్టుపక్కల కెమిస్ట్రీ డిగ్రీలు చదివిన పిల్లలకు కొదవలేదు. అయినా చేంజోవర్‌లో అసలు కడిగే పని ఏటా మారిపోయే కాంట్రాక్టు మనుషుల చేతుల్లో ఉంటుంది. ఏ వాల్వు వెనక పొడి ఇరుక్కుంటుందో తెలిసిన మనిషి గేటు దాటి వెళ్లిపోతే, ఆ తెలివి ఎస్‌ఓపీలో, అంటే రాసిపెట్టిన పని పద్ధతిలో, దొరకదు. మందులు మారుతున్నా బ్లాకు అదే, రియాక్టర్ అదే. ఆ యంత్రాన్ని ఎరిగినవారిని నిలుపుకుని, క్లీనింగ్ పద్ధతిని, రసాయనాల ప్రమాదాలను తెలుగులో, బొమ్మలతో రాసి బ్లాకులోనే అతికించిన చోట స్వాబ్ ఫెయిల్యూర్లు తగ్గుతాయి. మందు ఆగిపోయి బ్లాకు ఖాళీగా ఉన్న నెలలో వాళ్లను ఇంటికి పంపకుండా తర్వాతి మందు శిక్షణకు కూర్చోబెట్టడం కూడా ఖర్చే. ఒక్క ఫెయిలైన చేంజోవర్‌తో పోలిస్తే అది చిన్న ఖర్చు.

ఆఖరుది, మందును ఎప్పుడు వదిలేయాలన్నది. వేరియబుల్ ఖర్చు (ముడిసరుకు లాంటి, తయారీతో పాటు పెరిగే ఖర్చు) వస్తోంది కదా అని పడిపోయిన మందును సాగదీస్తే, కొత్త మందుకు రావలసిన రియాక్టర్ గంటలు అదే తినేస్తుంది. కాబట్టి కిలోకు ఎంత మిగిలిందని కాక, రియాక్టర్ గంటకు ఎంత మిగిలిందని చూసి మందులను వరసపెట్టుకోవాలి. అడుగున ఉన్నదాన్ని ఏటా ఒకసారి నిలదీయాలి. వదిలేయాలని నిర్ణయించినా తలుపు వెంటనే మూసేయలేం. కస్టమర్లకు చాలా ముందే చెప్పాలి, వాళ్లు వేరే సోర్సును పరీక్షించి ఖాయం చేసుకునేదాకా సరిపడా ఆఖరి నిల్వ తీసివ్వాలి. స్టెబిలిటీ పరీక్షలు గడువు దాకా నడపాలి. ప్రతి బ్యాచి రిజర్వ్ శాంపిల్‌ను గడువు తీరాక ఏడాది వరకు, లేదా సరుకు పంపాక మూడేళ్ల వరకు, రెంటిలో ఏది ఎక్కువైతే అంతవరకు దాచాలి. ఈ ఖర్చును మందు మొదలుపెట్టిన రోజే ధరలో కలుపుకోవాలి.